రాష్ట్రపతి రోజంతా ఏం చేస్తారు? మన గంజాం గిరి గారు, అమెరికా రాయబారి మొయినిహాన్ కథ

 

నిన్న సాయంత్రం నేను పలాస స్టేషన్లో ఉన్నాను. మా తమ్ముడు హైదరాబాద్ వెళ్తున్నాడు, ఫలక్‌నుమా ఎక్కించాలి. ట్రైన్ లేటు. వాడు ఫోన్ స్క్రోల్ చేస్తూ చేస్తూ ఒక ఫోటో దగ్గర ఆగాడు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు నిలబడి ఉన్నారు, ఎదురుగా ఎవరో విదేశీయుడు, ఇద్దరి చేతుల మధ్య ఒక కవరు. కొత్త రాయబారులు రాష్ట్రపతికి అధికార పత్రాలు సమర్పించారని కింద రాసి ఉంది.

"అన్నా, ఇదేనా ఆవిడ పని? కవర్లు తీసుకోవడానికి నెలకి 5 లక్షల జీతమా?" అన్నాడు.

నవ్వాను గానీ నాకు వెంటనే జవాబు తోచలేదు. పక్క బెంచీ మీద మా వీధి తాతగారు కూర్చుని ఉన్నారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. రిటైరై ఇన్నేళ్లయినా సాయంత్రమయ్యేసరికి స్టేషన్‌కి రాకపోతే ఆయనకి తోచదు. ఆయన మా మాటలు వింటున్నట్టున్నారు. "అలగనీకురా బాబూ. ఆ కవర్లు తీసుకున్నోల్లలో మనోడు కూడా ఒకాయినున్నాడు. మా యూనియన్ మనిషి" అన్నారు.

ఆయన అన్నది వి.వి.గిరి గారి గురించి. వరాహగిరి వెంకట గిరి. మన దేశానికి నాలుగో రాష్ట్రపతి. జీకే బిట్లలో పేరు చదివే ఉంటారు. ఆయనకీ మన పలాస, టెక్కలి వైపుకీ ఉన్న సంబంధం మాత్రం ఏ బిట్‌లోనూ రాదు. ఈ ఎపిసోడ్ దాని మీదే. రాష్ట్రపతి రోజు ఎలా గడుస్తుంది, ఆయన దగ్గరికి వచ్చే రాయబారికి ఆయనతో అసలు పనేంటి అన్నది గిరి గారి కాలంలోని కొన్ని రోజులు పట్టుకుని చూద్దాం.

ముందు "మనోడు" అనే మాట సంగతి. గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశా. ఇచ్ఛాపురం దాటితే ఎంతో దూరం లేదు. ఆ రోజుల్లో బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అన్నీ ఒకే జిల్లా. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక మనం విశాఖ జిల్లాలో కలిశాం, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాం. అంటే గిరి గారి చిన్నప్పటి జిల్లా, మన ముత్తాతల జిల్లా ఒకటే.

ఆయన 1913లో లా చదవడానికి ఐర్లాండ్‌లోని డబ్లిన్ వెళ్లారు. అక్కడ ఐరిష్ వాళ్లు బ్రిటిష్ వాళ్ల మీద పోరాడుతున్నారు. 1916లో తిరుగుబాటు జరిగింది. తిరుగుబాటు చేసినవాళ్లతో స్నేహాలున్నాయని మన గిరి గారిని దేశం వదిలి పొమ్మన్నారు. ఈ ఐర్లాండ్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తిరిగొచ్చాక బరంపురంలో ప్లీడరీ, ఆ తర్వాత కార్మిక సంఘాలు. ముఖ్యంగా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అంటే బీఎన్ఆర్. మన పలాస మీదుగా పోయే ఈ మెయిన్ లైన్ అప్పట్లో బీఎన్ఆర్ వాళ్లదే. 1927–28లో ఖరగ్‌పూర్ కేంద్రంగా జరిగిన రైల్వే కార్మికుల పోరాటానికి గిరి గారు ముందు నిలబడ్డారు. ఉద్యోగాల నుంచి తీసేసిన వాళ్ల కోసం చేసిన సమ్మె అది. ఖరగ్‌పూర్‌లో ఇప్పటికీ ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో మీకు తెలుసు కదా. మన జిల్లాల నుంచి రైల్వే పనికి వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లు బోలెడుమంది. తాతగారు "మా యూనియన్ మనిషి" అన్నది అందుకే.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాగారినే ఓడించారు. 1952లో మొదటి లోక్‌సభకి ఎక్కడి నుంచి గెలిచారో తెలుసా? పాతపట్నం నుంచి. టెక్కలి నుంచి కొండలవైపు బస్సెక్కితే వచ్చే మన పాతపట్నమే. కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. అది రెండు సీట్ల నియోజకవర్గం, ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకి రిజర్వుడు. రెండింటిలోనూ గిరిజన అభ్యర్థులే గెలిచారు. జనరల్ సీటు వాళ్లకెలా ఇస్తారని గిరి గారు సుప్రీం కోర్టు దాకా వెళ్లారు. అక్కడా ఓడిపోయారు. నన్నడిగితే కోర్టు చెప్పిందే కరెక్టు. జనరల్ అంటే అందరికీ అని కదా. పెద్దవాళ్ల జీవిత చరిత్రల్లో ఇలాంటివి ఒక్క లైనులో దాటేస్తారు గానీ చెప్పుకోవాలి.

ఇప్పుడు రాయబారుల విషయానికి వద్దాం. గిరి గారు రాష్ట్రపతి కాకముందు తానే ఒక దౌత్యవేత్త. 1947 నుంచి 1951 దాకా సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, భారత హైకమిషనర్. కామన్వెల్త్ దేశాల మధ్య రాయబారిని హైకమిషనర్ అంటారు. అప్పటికి రెండు దేశాలకీ రాజు ఒకడే, బ్రిటన్ రాజు ఆరో జార్జ్. ఒకే రాజు పేరు మీద ఇటు నుంచి అటు అధికార పత్రం ఇస్తే తనకి తాను ఉత్తరం రాసుకున్నట్టే కదా. అందుకే అలాంటి దేశాల మధ్య హైకమిషనర్ తీసుకెళ్లేది ఒక ప్రధానమంత్రి ఇంకో ప్రధానమంత్రికి రాసే పరిచయ లేఖ మాత్రమే. ఆనవాయితీ అది.

కానీ అక్కడ పని మాత్రం ఆనవాయితీ పని కాదు. సిలోన్ తేయాకు తోటల్లో భారతదేశం నుంచి వెళ్లిన కూలీలు లక్షల్లో ఉన్నారు, ఎక్కువమంది తమిళులు. 1948 ఫిబ్రవరిలో సిలోన్‌కి స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది పౌరసత్వ చట్టం తెచ్చారు. ఆ చట్టంతో తోట కూలీల్లో ఎక్కువమంది ఏ దేశానికీ చెందనివాళ్లయిపోయారు. తర్వాత ఓటు కూడా పోయింది. ఇదంతా గిరి గారు కొలంబోలో ఉండగా జరిగింది. జీవితమంతా కూలీల తరఫున మాట్లాడిన మనిషి కళ్ల ముందే జరిగింది. రాయబారి మాట్లాడగలడు, రాయగలడు. పక్క దేశం పార్లమెంటులో ఓటు వేయలేడు. ఆ సమస్య 1964లో శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం దాకా నలిగింది. అందులో మిగిలిపోయిన లక్షన్నర మంది లెక్క 1974 జనవరిలో తేలింది. సగం మంది ఇక్కడికి, సగం మంది అక్కడ. ఆ 1974లో ఢిల్లీలో రాష్ట్రపతి ఎవరు? గిరి గారే.

మన ఉద్దానం వాళ్లకి దీంతో ఏం పని అనుకోకండి. మన జిల్లాల నుంచి రంగూన్ వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చినవాళ్ల గుర్తుగానే విశాఖలో బర్మా క్యాంప్ ఉంది. ఈ కాలం సంగతి చూసినా, 2018 చివర్లో గుజరాత్ తీరంలో చేపలు పడుతూ పాకిస్తాన్ వాళ్లకి దొరికిపోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు గుర్తున్నారా? 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర బయటికొచ్చారు. ఏడాదికి పైగా వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఎదురుచూసింది దౌత్యం అనే పని కోసమే. రాయబార కార్యాలయం అంటే సూటూ బూటూ విందులూ అనుకుంటాం. గల్ఫ్‌లో పాస్‌పోర్టు లాగేసుకున్న మన కుర్రాడికి మాత్రం అది ఒక్కటే తలుపు.

సరే, రాష్ట్రపతి రోజు. మొదటి రోజు 1969 జూలై 19, శనివారం.

అప్పటికి గిరి గారు ఉపరాష్ట్రపతి. మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ చనిపోవడంతో తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆ మే నెలలో మన దగ్గర ఏం జరుగుతోందో కూడా చెప్పుకోవాలి. శ్రీకాకుళం రైతాంగ పోరాటం ఉద్దానంలో మండుతోంది. మే 27న బొడ్డపాడుకి చెందిన పంచాది కృష్ణమూర్తి, ఇంకో ఆరుగురు జలంత్రకోట దగ్గర పోలీసుల తూటాలకి చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు, పట్టుకుని కాల్చారని ఉద్యమం వాళ్లన్నారు. పాతపట్నం మాజీ ఎంపీ రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు, ఆయన పాత నియోజకవర్గం వైపు ఇది నడుస్తోంది. శాంతిభద్రతలు రాష్ట్ర ప్రభుత్వం పని, ఆ ఫైలు ఢిల్లీకి వచ్చే దారి వేరు. రాజ్యాంగం ప్రకారం అంతే. కానీ ఆ మాట అప్పటి ఉద్దానంలో ఎవరికి చెప్తే వింటారు?

జూలై 19కి వద్దాం. అంతకుముందే ఇండిపెండెంట్‌గా రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీ చేస్తానని గిరి గారు ప్రకటించేశారు. అంటే పదవికి రాజీనామా చేయాలి. మరోపక్క ఇందిరాగాంధీ 14 పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేయాలనుకుంటున్నారు. పార్లమెంటు సోమవారం, 21న మొదలవుతుంది. సమావేశాలు మొదలైతే ఆర్డినెన్స్ కుదరదు, 123వ ఆర్టికల్ ఒప్పుకోదు. గిరి గారు 20న దిగిపోతున్నారు. మిగిలింది ఒక్క శనివారం. సాయంత్రం కేబినెట్ కూర్చుంది, ఆర్డినెన్స్ రాష్ట్రపతి భవన్‌కి వెళ్లింది, సంతకం అయింది, రాత్రి ఇందిరాగాంధీ రేడియోలో దేశానికి చెప్పేశారు. మీ ఊళ్లో స్టేట్ బ్యాంకు కాకుండా ఇంకో ప్రభుత్వ బ్యాంకు బ్రాంచి ఉంటే, దాని వెనక ఆ సాయంత్రం ఉండే ఛాన్సు ఎక్కువ.

మరునాడు రాజీనామా. సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 31న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీ వస్తే రాష్ట్రపతి హోదాలో స్వాగతం చెప్పింది హిదయతుల్లానే. పదకొండు రోజుల తేడాతో గిరి గారికి నిక్సన్‌ని కలిసే లైను షెడ్యూల్‌లోంచి ఎగిరిపోయింది. తర్వాత రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గానీ ఎవరూ గెలవని ఎన్నికలో మన ఇంకో తెలుగాయన నీలం సంజీవరెడ్డి మీద గెలిచి, ఆగస్టు 24న పూర్తికాలం రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎన్నిక మీద కేసు పడితే 1970లో స్వయంగా సుప్రీం కోర్టుకి వెళ్లి సాక్ష్యం కూడా చెప్పారు. పదవిలో ఉండగా అలా వెళ్లిన మొదటి రాష్ట్రపతి ఆయనే.

రెండో రోజు 1973 ఫిబ్రవరి 28. నాకు ఈ రోజంటే ఎందుకో ఇష్టం, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఆ రోజు గిరి గారికి అధికార పత్రాలు సమర్పించినాయన డేనియల్ పాట్రిక్ మొయినిహాన్, అమెరికా కొత్త రాయబారి. హార్వర్డ్ ప్రొఫెసరు, నిక్సన్ దగ్గర వైట్‌హౌస్‌లో పనిచేసినవాడు. తర్వాత ఐక్యరాజ్యసమితిలో అమెరికా ప్రతినిధిగా, ఆపైన 24 ఏళ్లు న్యూయార్క్ సెనేటర్‌గా చేశాడు. న్యూయార్క్‌లో పేద వీధుల్లో పెరిగిన ఐరిష్ కుటుంబం కుర్రాడు. ఐర్లాండ్ గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఐరిష్ తిరుగుబాటుతో స్నేహం చేసి డబ్లిన్ నుంచి గెంటేయించుకున్న తెలుగాయన ఒకవైపు, ఐరిష్ రక్తం ఉన్న అమెరికన్ ఇంకోవైపు. ఇద్దరి చేతుల మధ్యా నిక్సన్ సంతకం పెట్టిన ఉత్తరం.

ఈ తంతు ఎలా ఉంటుందంటే, కొత్త రాయబారిని ప్రోటోకాల్ అధికారి వెంటబెట్టుకుని రాష్ట్రపతి భవన్‌కి తీసుకొస్తాడు. ఆయన చేతిలో ప్రధానంగా రెండు ఉత్తరాలుంటాయి. పాత రాయబారిని వెనక్కి పిలుస్తున్నామని ఒకటి, ఈయన్ని పంపుతున్నాం, ఈయన మాట మా మాటగా నమ్మండి అని ఇంకొకటి. రాయబారుల్లో ఎవరు సీనియరో కూడా వాళ్లు పని మొదలుపెట్టిన తేదీని, టైమునీ బట్టే లెక్క. మా తమ్ముడు చూసిన ఫోటోలో హాలుని ఇదివరకు అశోక హాల్ అనేవారు, 2024లో అశోక్ మండప్ అని పేరు మార్చారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో అది డ్యాన్స్ హాలు! పైకప్పు మీద పర్షియా రాజు వేటాడుతున్న పెద్ద బొమ్మ ఉంటుంది. ఈసారి ఫోటో కనబడితే జూమ్ చేసి చూడండి.

అయితే ఆ కవరు ఇచ్చే రోజుకి ముందు కథ చాలా ఉంది. 1971 డిసెంబర్‌లో బంగ్లాదేశ్ యుద్ధం. డిసెంబర్ 3 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం గిరి గారిదే. ఆ రాత్రే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగిపోయింది. యుద్ధం చివర్లో నిక్సన్ తన విమాన వాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ని బంగాళాఖాతంలోకి పంపాడు. బంగాళాఖాతం అంటే ఎవరిదో కాదు, బారువ బీచ్‌లో మనం కాళ్లు తడుపుకునే సముద్రమే. 1972 జనవరి 10న పాకిస్తాన్ జైలు నుంచి విడుదలైన ముజీబుర్ రెహమాన్ లండన్ నుంచి ఢాకా వెళ్తూ ఢిల్లీలో దిగితే, ఎయిర్‌పోర్టులో స్వాగతం చెప్పింది గిరి గారు, ఇందిరాగాంధీ. అమెరికాతో మాత్రం మాటలు దాదాపు లేవు. అలాంటి టైములో పాడైన సంబంధాన్ని మళ్లీ అతికించడానికి వచ్చినాయన మొయినిహాన్.

ఇంకో సంగతి, ఆ ఫిబ్రవరి 28 బడ్జెట్ రోజు కూడా. అప్పట్లో బడ్జెట్ సాయంత్రం 5 గంటలకి. ఆర్థిక మంత్రి వై.బి.చవాన్. కరువు, యుద్ధం ఖర్చులు, పెద్ద లోటు. తర్వాత దాన్ని బ్లాక్ బడ్జెట్ అన్నారు. బడ్జెట్‌కి కూడా రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. ఈమధ్య బడ్జెట్ రోజు ముర్ము గారు నిర్మలా సీతారామన్ గారికి పెరుగు, పంచదార తినిపించే వీడియో చూశారు కదా, ఆ భేటీ అందుకే. పైగా అదే రోజు మన ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి లేరు. జై ఆంధ్ర ఉద్యమం, పీవీ నరసింహారావు రాజీనామా, జనవరి నుంచి రాష్ట్రపతి పాలన. ఆ ఉద్యమానికి పెద్ద నాయకుల్లో ఒకరు గౌతు లచ్చన్న, మన బారువ మనిషి.

ఒక్క రోజులో చూడండి. ఢిల్లీలో బడ్జెట్ ఆయన ఆమోదంతో, హైదరాబాద్‌లో పాలన ఆయన పేరుతో, అమెరికా ఉత్తరం ఆయన చేతికి. వీటిలో ఏ ఒక్కటీ ఆయన సొంతంగా నిర్ణయించింది కాదు. మంత్రివర్గం చెప్పింది, ఆయన చేశారు. మొయినిహాన్ కూడా కవరిచ్చాక అసలు పని కోసం వెళ్లింది ప్రధాని దగ్గరికి, ఆర్థిక శాఖ, విదేశాంగ శాఖ వాళ్ల దగ్గరికి.

ఆ అసలు పని ఏంటంటే, గోధుమలు! 1954లో అమెరికా ఒక చట్టం చేసింది, పబ్లిక్ లా 480. దాని కింద మనకి గోధుమలు అమ్మి, డాలర్లు కాకుండా రూపాయలు తీసుకునేవాళ్లు. ఆ రూపాయలు ఇక్కడే అమెరికా ఖాతాలో పడేవి. 1965, 66ల కరువులో ఓడలకి ఓడలు గోధుమలు వచ్చాయి. మా నాయనమ్మ చెప్పేది, రేషన్‌లో ఆ గోధుమలు ఇస్తే మా ఊళ్లో ఎవరికీ రొట్టెలు చేయడం రాక నూక పట్టించి అన్నంలా వండుకునేవారట. బళ్లో పెట్టిన పసుపు రంగు ఉప్మా, పాలపొడి గుర్తున్న పెద్దవాళ్లు మీ ఇంట్లో కూడా ఉంటారు, అడిగి చూడండి. ఇలా ఏళ్ల తరబడి పోగైన రూపాయలతో అమెరికా ఖాతా కొండలా పెరిగిపోయింది. అంత డబ్బు ఒక్కసారి బయటికి తీసి ఖర్చుపెడితే మన ధరలు ఏమైపోతాయో అని ఇక్కడ భయం. అప్పు ఇచ్చినవాడి డబ్బు మన ఇంట్లోనే మూట కట్టి కూర్చున్నట్టు.

మొయినిహాన్ పట్టుబట్టి దానిలో మూడింట రెండు వంతులు మాఫీ చేయించాడు. 1974 ఫిబ్రవరి 18న 1,664 కోట్ల రూపాయలకి ఒకే ఒక్క చెక్కు రాసి ఇచ్చాడు. అప్పటికి ప్రపంచంలో అతి పెద్ద చెక్కు అదే, గిన్నిస్ బుక్‌కి ఎక్కింది. అప్పుడు ఫోన్‌పే లేదు కదా! ఆ చెక్కు అందుకుంది రాష్ట్రపతి కాదు, ఆర్థిక శాఖ కార్యదర్శి ఎం.జి.కౌల్. అంత పెద్ద పనిలో కూడా రాష్ట్రపతి షెడ్యూల్‌లో ఒక లైను పడలేదు. కానీ భారత ప్రభుత్వం చేసుకునే కాంట్రాక్టు ఏదైనా రాష్ట్రపతి పేరు మీదే జరుగుతుంది, 299వ ఆర్టికల్. మన పలాస పక్కన హైవే కాంట్రాక్టు కాయితాలు ఎప్పుడైనా కనబడితే చదవండి, భారత రాష్ట్రపతి తరఫున అని ఉంటే ఆశ్చర్యపోకండి. పేరు అంతటా ఉంటుంది, మనిషి ఒక హాల్లో నిలబడి ఉంటాడు. అప్పట్లో ఆయన జీతం నెలకి 10,000, అది కూడా చెప్పేస్తున్నాను, మా తమ్ముడి కోసం.

ఇక మూడోది ఒక రోజు కాదు, నెల. 1974 మే.

మే 8న రైల్వే సమ్మె మొదలైంది. దాదాపు 17 లక్షల మంది కార్మికులు. నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్, ఆల్ ఇండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు. ఒకప్పుడు ఆ ఫెడరేషన్ పెట్టినవాళ్లలో ఒకరు, దానికి అధ్యక్షుడిగా చేసినవాళ్లలో ఒకరు ఎవరు? గిరి గారు. ప్రభుత్వం ఒక్క మెట్టు దిగలేదు. ఫెర్నాండెజ్‌ని సమ్మెకి ముందే అరెస్టు చేశారు. వేలమంది జైళ్లకి వెళ్లారు, ఉద్యోగాలు పోయాయి, క్వార్టర్లు ఖాళీ చేయించారు. మే 18న పోఖ్రాన్‌లో అణు పరీక్ష. ఒక్కరోజులో పేపర్లన్నీ అటు తిరిగిపోయాయి. అమెరికా ఏమనుకుంటోందో ఢిల్లీకి చెప్పాల్సిన పని మొయినిహాన్ నెత్తిన పడింది. మే 27కి సమ్మె అయిపోయింది.

ఇక్కడికొచ్చేసరికి స్టేషన్ బెంచీ మీద తాతగారు చెప్పిన మాట చెప్తాను. అప్పటికి ఆయన ఉద్యోగంలో చేరి రెండేళ్లు. "మాకు ఆశుండేదిరా. పైన గిరిగారున్నాడు కదా, బీఎన్ఆర్ సమ్మె చేసినాయిన, మనల్ని వదిలేస్తాడేటి అనుకున్నాం. ఒక రాత్రి నలుగురం కూకున్నాం, ఆయినకి టెలిగ్రాం కొడదామని. మాటకింత అని డబ్బులు కదా, లెక్కెట్టుకుని రాసినాం. రాసేక మాలో పెద్దోడు ఒకాయిన ఆ కాయితం తీసుకుని సదివి, మడిసి జేబులో ఎట్టుకున్నాడు. సంతకం ఎట్టేవోడికి కాదర్రా, ఎట్టమనేవోల్లకి రాయాల అన్నాడు. అంతే, మరి పంపలేదు."

"కోపం రాలేదా తాతగారూ, గిరి గారి మీద?" అని అడిగాను.

చాలాసేపు పట్టాల వైపు చూశారు. "కోపమేటి. ఆయినకి మాత్రం నిద్ర పట్టుంటాదేటి?" అన్నారు.

గిరి గారికి ఆ మే నెలలో నిద్ర పట్టిందో లేదో నేను చెప్పలేను ఫ్రెండ్స్. నాకు అనిపించేది చెప్తాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదిలేసిన మనిషి 1974లో రైల్వే వాళ్ల కోసం రాష్ట్రపతి పదవి వదల్లేదు. ఇంకో మూడు నెలల్లో పదవీకాలం ఎలాగూ అయిపోతోంది. చట్టం ప్రకారం ఆయన తప్పు చేయలేదు. మంత్రివర్గం మాటే రాష్ట్రపతి మాట అన్నది మన పద్ధతి, అది మంచి పద్ధతే. ఎన్నికైన ప్రభుత్వాన్ని కాదని రాష్ట్రపతి తనకి తోచింది చేస్తే రేపు ఇంకో రాష్ట్రపతి ఇంకేదో చేస్తాడు. అయినా ఒక్క మాట బయటికి గట్టిగా అని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ ఉంటుంది. పలాసలో పుట్టి పెరిగినవాణ్ణి కదా, రైలు కూత వింటే ఎటువైపు మొగ్గుతానో మీకు తెలుసు.

చిత్రం ఏంటంటే, రాష్ట్రపతి మంత్రివర్గ సలహా ప్రకారమే నడవాలని సుప్రీం కోర్టు ఏడుగురు జడ్జిల బెంచి తేల్చి చెప్పింది 1974 ఆగస్టు 23న, శంషేర్ సింగ్ కేసులో. మరునాడే, ఆగస్టు 24న, గిరి గారు రాష్ట్రపతి భవన్ ఖాళీ చేశారు. తర్వాత వచ్చిన ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఏడాది తిరక్కుండా 1975 జూన్‌లో ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టారు. స్నానాల తొట్టిలో కూర్చుని రాష్ట్రపతి ఆర్డినెన్సుల మీద సంతకాలు పెడుతున్నట్టు అబూ అబ్రహాం వేసిన కార్టూన్ ఆయన మీదే, సెర్చ్ చేస్తే దొరుకుతుంది. మొయినిహాన్ 1975 జనవరిలో ఢిల్లీ వదిలి వెళ్లిపోయాడు. గిరి గారికి 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్ 24న మద్రాసులో చనిపోయారు.

ఇంతలో ఫలక్‌నుమా వచ్చేసింది. తమ్ముడు బ్యాగు తగిలించుకుని ఎక్కాడు, డోర్ దగ్గర నిలబడి అడిగాడు, "అన్నా, ఆ టెలిగ్రాం కాయితం ఏమైంది?" నేను తాతగారి వైపు చూశాను. ఆయన వినిపించనట్టు గార్డు పెట్టె వైపు చూస్తున్నారు. కదిలే ముందు లైటు ఊపుతాడు కదా, దాని కోసం.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో గౌతు లచ్చన్న గారి గురించి, బారువ వెళ్లి అక్కడి నుంచే మాట్లాడదాం. ఉంటాను మరి.